మెడికల్ ఎడ్యుకేషన్ రీసెర్చ్‌లోకి దిగుతున్నారా? మెంటర్లను ఎలా సంపాదించుకోవాలి, ఎలా నిలుపుకోవాలి

మెడికల్, నర్సింగ్, డెంటల్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఏ కోర్సయినా సరే, పాఠాలు చెప్పేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఒక అనుమానం మొదలవుతుంది. ఇంత కష్టపడి చెబుతున్నాం కదా, ఇది నిజంగా బుర్రకెక్కుతోందా, లేక పరీక్ష రోజు వరకే గుర్తుంటోందా? ఆ అనుమానాన్ని వదలకుండా పట్టుకుని, దాని మీద పరిశోధన చేద్దామని దిగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈ రంగంలో ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఒక వృత్తిలో బాగా పేరున్నవాళ్లు. వార్డులోనో క్లినిక్‌లోనో వాళ్ల మాటకు తిరుగుండదు. అలాంటి మనిషి ఎడ్యుకేషన్ మీద మొదటి పేపర్ రాసి పంపిస్తే, రివ్యూయర్ "మీ అధ్యయనం వెనకున్న థియరీ ఏది?" అని ఒక్క ప్రశ్న అడుగుతాడు, ఏం చెప్పాలో తోచదు. క్లినికల్ రీసెర్చ్‌లో చెయ్యి తిరిగినవాళ్లకు ఇంకా ఇబ్బంది. ఒక గుంపుకు మందు ఇచ్చాం, ఇంకో గుంపుకు ఇవ్వలేదు, తేడా కొలిచాం అనే పద్ధతి తరగతి గదిలో అంత సులువుగా కుదరదు, ఎందుకంటే బోధన మోతాదు చూసి ఇచ్చే మాత్ర కాదు, చెప్పే మనిషి మారితే అదే వర్క్‌షాప్ వేరే వర్క్‌షాప్ అయిపోతుంది.

దీనికి అందరూ చెప్పే పరిష్కారం ఒకటే: మంచి మెంటర్‌ని చూసుకోండి. మంచి మాటే, కానీ దొరకాలి కదా. అకడమిక్ మెడిసిన్‌లో మెంటరింగ్ మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి 2006లో జామా అనే వైద్య జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది. అందులో తేలింది ఏమిటంటే, మెంటర్ ఉన్న వైద్య విద్యార్థులు సగం కంటే తక్కువ, కొన్ని విభాగాల్లో మెంటర్ ఉన్న ఫ్యాకల్టీ 20 శాతం కంటే తక్కువ. వైద్యరంగం మొత్తానికే పరిస్థితి ఇలా ఉంటే, అందులో చిన్న మూల అయిన ఎడ్యుకేషన్ రీసెర్చ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చాలా కాలేజీల్లో ఈ పని చేసినవాళ్లు ఒక్కరు కూడా ఉండరు. కాబట్టి మెంటర్ లేకపోవడం మీ ఒక్కరి దురదృష్టం అనుకోకండి, చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. మెంటర్ దొరికాక పని మొదలుపెడదాం అనుకుంటే ఏళ్లు గడుస్తాయి. పని మొదలుపెట్టి, దాన్ని ఒక్క పేజీలో రాసుకుని, ఆ పేజీలో ఎక్కడ ఇరుక్కున్నారో అక్కడికి పనికొచ్చే మనిషి దగ్గరికి వెళ్లండి. అలా వెళితే ఒక్క మెంటర్ బదులు ముగ్గురు నలుగురు దొరుకుతారు, నిజానికి కావలసింది కూడా అదే.

ముందు ఆ పేజీ రాయండి

ఇక్కడ తొందరపడకండి, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి.

పేజీలో మొదటి సగం మీ ప్రశ్న. దీన్ని రాయడానికి వైద్య విద్య పరిశోధకురాలు లొరెలై లింగార్డ్ 2015లో చెప్పిన ఒక చిన్న పద్ధతి బాగా పనికొస్తుంది: సమస్య ఏమిటి, దాని గురించి ఇప్పటిదాకా తెలియనిది ఏమిటి, అది తెలియకపోతే ఎవరికి నష్టం. మూడు వాక్యాలు, అంతే. వినడానికి తేలిక, రాయడానికి కూర్చుంటే రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగిపోతుంది. "మా కాలేజీలో ఇది ఎవరూ చేయలేదు" అన్నది తెలియనిది కిందకు రాదు. మీ కాలేజీలో చేయలేదు సరే, వేరేచోట చేశారు కదా, మీరు చేస్తే కొత్తగా ఏం తెలుస్తుంది? దీనికి జవాబు లేకపోతే ఇంకా చదవాలన్నమాట.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు నర్సింగ్ విద్యార్థులకు షిఫ్ట్ మారేటప్పుడు రోగి వివరాలు అప్పగించడం సిమ్యులేషన్‌లో (నిజమైన రోగి లేని నమూనా సందర్భంలో) నేర్పుతున్నారు. సహజంగా తట్టే ప్రశ్న "సిమ్యులేషన్‌తో నేర్పితే బాగా నేర్చుకుంటారా?" అని. నేర్చుకుంటారు. ఏమీ నేర్పనివాళ్లతో పోలిస్తే ఏదో ఒకటి నేర్పినవాళ్లు ఎప్పుడూ మెరుగ్గానే ఉంటారు, దానికి అధ్యయనం అక్కర్లేదు. అదే ప్రశ్నను ఇలా తిప్పి చూడండి: సిమ్యులేషన్ అయిన వెంటనే కూర్చోబెట్టి ఏం జరిగిందో చర్చించే డీబ్రీఫింగ్‌కూ, మరునాడు వాళ్ల వీడియో వాళ్లకే చూపించి చేసే డీబ్రీఫింగ్‌కూ మధ్య, విద్యార్థి తన తప్పును తానే పట్టుకోవడంలో తేడా ఉంటుందా, ఉంటే ఎందుకు? ఇప్పుడు ఈ ప్రశ్న మీ కాలేజీ గోడ దాటింది. వేరే దేశంలో ఫార్మసీ చెప్పే మనిషికి కూడా పనికొస్తుంది.

వైద్య విద్య పరిశోధకులు డేవిడ్ కుక్, జార్జ్ బోర్డాజ్, హెంక్ ష్మిట్ 2008లో ఈ రంగంలోని అధ్యయనాలను మూడు రకాలుగా విడగొట్టారు. ఏం చేశామో వర్ణించేవి, పనిచేసిందని నిరూపించేవి, ఎలా ఎందుకు పనిచేస్తుందో విడమరిచేవి. వాళ్లు పరిశీలించిన 105 ప్రయోగాత్మక అధ్యయనాల్లో మూడో రకం 12 శాతమే. రంగం నిజంగా ముందుకు కదిలేది మూడో రకంతోనే. మొదటి పేపరే అలా ఉండాలని కాదు, వర్ణన కూడా అవసరమే, కానీ మీ పేజీలో "ఎందుకు" అన్న మాట ఎక్కడా లేకపోతే ఒకసారి ఆగి ఆలోచించండి.

ఏం కొలుస్తారన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. శిక్షణ ఫలితాన్ని తూచడానికి కిర్క్‌పాట్రిక్ 1959 నుంచి చెబుతూ వచ్చిన నాలుగు స్థాయిలు మీకు తెలిసే ఉంటాయి: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, చివరికి ఫలితం మారిందా. ఈ రంగంలో వచ్చే కొత్త పేపర్లలో లెక్కలేనన్ని మొదటి స్థాయి దగ్గరే ఆగిపోతాయి. "నాకు ఇప్పుడు కాన్ఫిడెన్స్ పెరిగింది" అని విద్యార్థి అయిదు పాయింట్ల స్కేలు మీద టిక్ పెడితే అది నేర్చుకున్నట్టు కాదు, కాన్ఫిడెన్స్ పెరిగినట్టు మాత్రమే, ఒక్కోసారి అదే ప్రమాదం. విద్యార్థి సామర్థ్యాన్ని మెట్లుగా చూపుతూ జార్జ్ మిల్లర్ 1990లో గీసిన పిరమిడ్ కూడా పక్కన పెట్టుకోండి. తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపగలడు, నిజంగా చేస్తున్నాడు. మీ ప్రశ్న ఏ మెట్టు గురించి, మీ కొలత ఏ మెట్టుది, రెండూ ఒకటేనా? చాలా పేపర్లు వెనక్కి వచ్చేది ఈ రెండూ కలవకే.

పేజీలో రెండో సగం మీ గురించి. ఏ డేటా అందుబాటులో ఉంది, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు, ఏం చేతకాదు. ఈ చివరిది దాచకండి. "ఇంటర్వ్యూలు ఎలా చేయాలో తెలియదు, స్టాటిస్టిక్స్ కొంచెం వచ్చు, ఎథిక్స్ కమిటీకి ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్ ఎప్పుడూ పెట్టలేదు" అని రాసుకుంటే, ఎవరిని ఏం అడగాలో ఆ జాబితాయే చెబుతుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

క్యాథీ క్రామ్ 1980లలో మెంటరింగ్ మీద చేసిన పరిశోధనలో మెంటర్ చేసే పనులను రెండుగా విడదీశారు. కెరీర్‌కు సంబంధించినవి, మనసుకు ధైర్యం ఇచ్చేవి. ఒక్క మనిషిలో రెండూ దొరకడం అరుదు. దానికి తోడు ఈ రంగంలో పరిశోధనా పద్ధతులు తెలిసినవాళ్లు ఒకచోట, మీ సబ్జెక్ట్ తెలిసినవాళ్లు ఇంకోచోట, మీ డిపార్ట్‌మెంట్‌లో తలుపులు తెరిపించగలిగినవాళ్లు మరోచోట ఉంటారు. కాబట్టి ఒక్కరినే పట్టుకుని అన్నిటికీ ఆయన మీదే భారం వేస్తే ఆయనా అలసిపోతారు, మీరూ నిరాశపడతారు.

ముందుగా కావలసింది పద్ధతి తెలిసిన మనిషి. వైద్యంతో సంబంధం లేకపోయినా ఫర్వాలేదు. దగ్గర్లోని యూనివర్సిటీలో సైకాలజీ, సోషియాలజీ, ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్లలో ఇంటర్వ్యూల డేటా విశ్లేషించడంలో జీవితం గడిపినవాళ్లు ఉంటారు. మనవాళ్లు వాళ్ల తలుపు ఎందుకు తట్టరో నాకు ఎప్పుడూ అర్థం కాదు. బహుశా డాక్టర్లకే డాక్టర్లు సలహా ఇవ్వాలన్న అలవాటేమో. హాస్పిటల్ స్టాటిస్టీషియన్ కూడా మంచి తోడే, కాకపోతే డేటా అంతా పోగయ్యాక కాకుండా ప్రశ్న రాస్తున్నప్పుడే వెళ్లండి.

రెండోది, మీ సంస్థలో మాట చెల్లే మనిషి. ఈయన మీ పేపర్ చదవకపోవచ్చు, చదివినా అర్థం కాకపోవచ్చు. కానీ విద్యార్థుల టైమ్‌టేబుల్‌లో మీకు గంట ఇప్పించడం, కమిటీలో మీ పేరు చెప్పడం ఆయన వల్లే అవుతుంది. ఇలాంటివాళ్లను స్పాన్సర్ అంటారు, మెంటర్‌తో పోలిస్తే పని తక్కువ, ప్రభావం ఎక్కువ. ఏడాదికి రెండు మూడు సార్లు కలిసి, ఏం జరుగుతోందో క్లుప్తంగా చెప్పి, ఒక్క స్పష్టమైన సాయం అడిగితే చాలు.

మూడోది, మీలాంటివాళ్లే. దీన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. ఒకే దశలో ఉన్న నలుగురు రెండు వారాలకోసారి కూర్చుని ఒకరి రాత ఒకరు చదివితే, పెద్దాయన కోసం మూడు నెలలు ఎదురుచూసి వినే సలహా కంటే ఎక్కువ కదలిక వస్తుంది. గుంపులో ఒక డెంటిస్ట్, ఒక నర్సు, ఒక ఫిజియోథెరపిస్ట్ ఉంటే ఇంకా మంచిది, మీరు అందరికీ తెలుసనుకుని వదిలేసిన విషయాలన్నీ వాళ్లు అడిగేస్తారు. నియమం ఒకటే పెట్టుకోండి: రాసింది లేకుండా ఎవరూ రాకూడదు, అర పేజీ అయినా సరే.

నాలుగోది దూరంగా ఉన్న నిపుణులు. మీరు ఎవరి పేపర్లు చదువుతున్నారో వాళ్లకే మెయిల్ రాయండి. అడగనిదే అమ్మైనా పెట్టదు, పైగా ఈ రంగం చిన్నది, ఇందులో ఉన్నవాళ్లు బోధన మీద ఇష్టంతో వచ్చినవాళ్లు, అందుకే జవాబు వచ్చే అవకాశం మీరనుకున్న దానికంటే ఎక్కువ. కానీ "మీరు నాకు మెంటర్‌గా ఉంటారా" అని మొదటి మెయిల్‌లోనే అడగకండి. ముక్కూ మొహం తెలియని మనిషి ఆ భారం నెత్తిన ఎందుకు వేసుకుంటారు? ఇలా రాయండి:

"నమస్తే మేడమ్. నేను నర్సింగ్ విద్యార్థులకు బోధిస్తున్నాను. షిఫ్ట్ అప్పగింతలు నేర్పడం మీద ఒక చిన్న అధ్యయనం అనుకుంటున్నాను, ఒక పేజీలో రాసి జత చేశాను. డీబ్రీఫింగ్ మీద మీరు రాసిన పేపర్ చదివాక ఒక సందేహం మిగిలింది. విద్యార్థుల ఇంటర్వ్యూలు డీబ్రీఫింగ్ అవగానే చేయాలా, వారం ఆగి చేయాలా? ఇరవై నిమిషాలు మాట్లాడే వీలుంటే చెప్పండి. లేదంటే ఈ ఒక్క ప్రశ్నకు రెండు లైన్లు రాసినా చాలు."

వాళ్ల పని చదివారని తెలుస్తుంది, ప్రశ్న ఒక్కటే ఉంది, కాదనడానికి కూడా దారి ఉంది. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒకసారి గుర్తుచేయండి, తర్వాత వదిలేయండి. వస్తే, వాళ్లు చెప్పినట్టు చేశాక ఏమైందో తప్పకుండా రాయండి. చాలామంది ఇక్కడే మాయమైపోతారు, ఆ ఒక్క మెయిల్ రాసినవాళ్లను ఎవరూ మర్చిపోరు.

మెంటర్ దొరికాక

మీటింగ్ నడిపే బాధ్యత మీది. తేదీ మీరే పెట్టండి, రెండు రోజుల ముందు మూడు లైన్ల అజెండా పంపండి: పోయినసారి అనుకున్నది ఏమైంది, ఇప్పుడు ఎక్కడ ఆగింది, ఈ రోజు ఏం తేలాలి. అయిపోయాక ఆ రోజే ఎవరు ఏం చేయాలో రాసి మెయిల్ పెట్టండి. నెలకు ఒకసారి నలభై అయిదు నిమిషాలు ఇలా జరిగితే, వారం వారం కలిసి కాఫీ తాగుతూ లోకాభిరామాయణం మాట్లాడుకోవడం కంటే వెయ్యి రెట్లు మేలు.

మొదటి రెండు మీటింగుల్లోనే రచయితల పేర్ల సంగతి మాట్లాడేయండి. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, తెలుసు. కానీ ఇప్పుడు మొహమాటపడితే పేపర్ పంపే రోజు గొడవ అవుతుంది, అప్పుడు పోయేది పేపర్ ఒక్కటే కాదు. వైద్య జర్నల్స్ ఎడిటర్ల అంతర్జాతీయ సంఘం ఐసీఎంజేఈ నిబంధనల ప్రకారం రచయిత కావాలంటే నాలుగూ ఉండాలి: ఆలోచనలోనో డేటాలోనో గట్టి పాలు, రాయడంలో లేదా తీవ్రంగా సరిదిద్దడంలో పాలు, చివరి ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. డేటా పోగుచేయడానికి అనుమతి ఇచ్చినంత మాత్రాన, డిపార్ట్‌మెంట్ హెడ్ అయినంత మాత్రాన రచయిత కారు. సూటిగా అడగలేకపోతే ఎవరు ఏ పని చేశారో రాసే క్రెడిట్ (CRediT) పట్టికను అడ్డం పెట్టుకోండి, అందులో 14 రకాల పాత్రలు ఉంటాయి. "సర్, జర్నల్ వాళ్లు ఈ పట్టిక అడుగుతారట, ఇప్పుడే నింపి పెట్టుకుందామా?" అంటే ఎవరికీ నొప్పి కలగదు.

మెంటరింగ్ చెడిపోయే తీరులు కూడా తెలిసి ఉండాలి. వినీత్ చోప్రా, డేనా ఎడెల్సన్, సంజయ్ సెయింట్ 2016లో జామాలో దీని మీద సూటిగా రాశారు. చేతలతో చెడగొట్టేవాళ్లు మూడు రకాలు: మీ ఆలోచనను తనదిగా చెప్పుకునేవాళ్లు, మీకు ఉపయోగం లేని తన పనులన్నీ మీ మీద రుద్దేవాళ్లు, వేరే ఎవరి దగ్గరికీ వెళ్లనివ్వకుండా పట్టి ఉంచేవాళ్లు. ఏమీ చేయకుండానే చెడగొట్టేవాళ్లు మూడు రకాలు: మీ డ్రాఫ్ట్ మీద నెలల తరబడి కూర్చునేవాళ్లు, గొడవ ఇష్టంలేక మీ తరఫున ఒక్క మాటా మాట్లాడనివాళ్లు, ఎప్పుడూ ప్రయాణాల్లోనే ఉండి అందుబాటులోకి రానివాళ్లు. నా అనుభవంలో ఎక్కువగా కనిపించేది డ్రాఫ్ట్ మీద కూర్చునే రకం, వాళ్లు చెడ్డవాళ్లు కూడా కాదు, ఒప్పుకున్నవి ఎక్కువైపోయాయంతే. వాళ్లకు గడువును మెయిల్‌లోనే పెట్టండి: "ఇరవయ్యో తేదీలోపు మీ మార్పులు వస్తే కలుపుతాను, లేకపోతే ఈ ప్రతినే ముందుకు పంపవచ్చా?" ఆలోచన కాజేసే రకానికి మాత్రం మందు ఒక్కటే, ప్రతిదీ తేదీతో రాతలో ఉండటం, ఇంకో పెద్దమనిషికి కూడా మీ పని ముందే తెలిసి ఉండటం. అందుకే మెంటర్లు ఒకరికంటే ఎక్కువ ఉండాలని పదే పదే చెబుతున్నాను.

ఏం నేర్చుకోవాలి, ఏ వరసలో

కొత్తగా వచ్చినవాళ్లు వెంటనే మాస్టర్స్ కోర్సులు వెతకడం మొదలుపెడతారు. నా మాట వింటే ముందు ఒక చిన్న ప్రాజెక్ట్ చివరిదాకా నడపండి, ఆ తర్వాతే కోర్సు. ఇరుక్కున్న అనుభవం ఉన్న మనిషికి కోర్సులో చెప్పేది చటుక్కున అంటుకుంటుంది, లేనివాళ్లకు సర్టిఫికెట్ మాత్రమే మిగులుతుంది.

చిన్నవి చాలా ఉన్నాయి. అమెరికాలోని మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ నడిపే మెర్క్ (MERC) అనే ప్రోగ్రామ్‌లో 6 వర్క్‌షాపులు పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఇస్తారు, ప్రశ్న రాయడం నుంచి కొలతల నమ్మకం దాకా ఒక్కో వర్క్‌షాప్ ఒక్కో విషయం మీద ఉంటుంది. వైద్య విద్య కోసం 1972లో మొదలైన అమీ (AMEE) సంస్థకు రెస్మీ (RESME) అనే కోర్సు ఉంది, పరిశోధనలో అడుగుపెట్టేవాళ్ల కోసమే. వైద్య విద్య బోధకుల కోసం ఉన్న ఫైమర్ (FAIMER) ఫెలోషిప్‌లో ప్రాజెక్ట్ చేస్తూ నేర్చుకోవడం, తోటివాళ్ల బృందంతో సంబంధాలు పెంచుకోవడం ముఖ్యం, మెంటర్ లేనివాళ్లకు అది పెద్ద లాభం. మాస్టర్స్ దాకా వెళ్లాలనుకుంటే మాస్ట్రిక్ట్ యూనివర్సిటీలోని హెల్త్ ప్రొఫెషన్స్ ఎడ్యుకేషన్ మాస్టర్స్ (ఎంహెచ్‌పీఈ) ఎక్కువ భాగం దూరవిద్యగానే సాగుతుంది. ఇల్లినాయ్ యూనివర్సిటీ షికాగోలోని మెడికల్ ఎడ్యుకేషన్ విభాగం 1959 నాటిది, పైన చెప్పిన పిరమిడ్ మిల్లర్ మొదలుపెట్టిందే. ఫీజులు, తేదీలు ఏటా మారతాయి కాబట్టి వాళ్ల సైట్లలోనే చూసుకోండి.

కోర్సుల కంటే ముందు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ఒకటుంది. మెడికల్ ఎడ్యుకేషన్, అకడమిక్ మెడిసిన్, అడ్వాన్సెస్ ఇన్ హెల్త్ సైన్సెస్ ఎడ్యుకేషన్, మెడికల్ టీచర్, పర్‌స్పెక్టివ్స్ ఆన్ మెడికల్ ఎడ్యుకేషన్, ఈ జర్నల్స్‌లో రెండు ఎంచుకుని వారానికి ఒక పేపర్ చదవండి. ఫలితాలు ముందు చూడకండి. ఇంట్రడక్షన్, మెథడ్స్ చదివి ఆపి, "నేనైతే ఏం చేసేవాణ్ణి" అని రెండు లైన్లు రాసుకుని అప్పుడు మిగతాది చదవండి. నర్సింగ్, ఫార్మసీ, డెంటల్ వాళ్లకు వాళ్ల సొంత విద్యా జర్నల్స్ ఉన్నాయి, అవి కూడా చూడండి కానీ వాటికే పరిమితం కావద్దు.

పద్ధతుల్లో రెండు విషయాలు ముందుగా నేర్చుకోవాలి. ఒకటి గుణాత్మక పరిశోధన, అంటే సంఖ్యలతో కాకుండా మనుషుల మాటలతో చేసేది. క్లినికల్ వైపు నుంచి వచ్చినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, "పదిమందిని ఇంటర్వ్యూ చేసి థీమ్స్ రాయడమే కదా" అని. బ్రాన్, క్లార్క్ 2006లో థీమాటిక్ అనాలిసిస్ గురించి రాసింది చదివితే ఆ ధీమా పోతుంది. థీమ్ దానంతటదే డేటాలోంచి పైకి తేలదు, మీరు తీసుకునే నిర్ణయాల వల్ల తయారవుతుంది, ఆ నిర్ణయాలు ఎందుకు తీసుకున్నారో చెప్పగలగాలి. రాసేటప్పుడు ఇలాంటి అధ్యయనాల కోసమే ఉన్న చెక్‌లిస్టులు ఎస్‌ఆర్‌క్యూఆర్ (SRQR)లోని 21 అంశాలో, కోరెక్ (COREQ)లోని 32 అంశాలో పక్కన పెట్టుకోవచ్చు, కానీ చెక్‌లిస్ట్ నింపినంత మాత్రాన పని మంచిదైపోదు.

రెండోది వ్యాలిడిటీ. "వ్యాలిడేట్ అయిన ప్రశ్నావళి వాడాం" అనే వాక్యం ప్రతి రెండో పేపర్‌లో కనిపిస్తుంది, దానికి అర్థం దాదాపు ఏమీ లేదు. పరీక్షల కొలతల మీద రాసిన నిపుణులు, మెస్సిక్ నుంచి కేన్ దాకా, చెబుతున్నది ఒకటే: వ్యాలిడిటీ ప్రశ్నావళికి అంటుకుని ఉండే గుణం కాదు, ఆ స్కోరును ఇక్కడ, వీళ్ల విషయంలో, ఈ నిర్ణయం కోసం వాడటం సబబేనా అన్న వాదన. ఎక్కడో అంతిమ సంవత్సరం విద్యార్థుల మీద పనిచేసిన స్కేలు మీ మొదటి సంవత్సరం పిల్లల మీద పనిచేస్తుందని ఎవరు చెప్పారు? క్రాన్‌బాక్ ఆల్ఫా 0.8 వచ్చిందంటే ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయని మాత్రమే తెలుస్తుంది. సంఖ్యలతో చేసే అధ్యయనమైతే అధ్యయనం నాణ్యతను తూచడానికి 2007లో వచ్చిన మెర్స్కీ (MERSQI) స్కోరుతో మీ ప్లాన్‌కు మీరే మార్కులు వేసుకోండి, 10 అంశాలు, అత్యధికంగా 18 మార్కులు. ఎన్ని కాలేజీల నుంచి డేటా తీసుకున్నారు, సొంతంగా చెప్పుకున్న అభిప్రాయమా నిజంగా కొలిచిందా, ఇలాంటివాటికి దానిలో మార్కులుంటాయి. పని మొదలవకముందు వేసుకుంటే మార్చుకునే వీలుంటుంది.

ఎథిక్స్ గురించి క్లుప్తంగా. మీ విద్యార్థుల మీదే మీరు పరిశోధన చేస్తున్నారు, రేపు వాళ్లకు మార్కులు వేసేది కూడా మీరే. "ఇష్టమైతేనే పాల్గొనండి" అని మీరు చెబితే వాళ్లకు వినిపించేది వేరు. సమ్మతి తీసుకునే పని, ఇంటర్వ్యూ చేసే పని వాళ్లకు మార్కులు వేయని మనిషికి అప్పగించండి, ఫలితాలు ఖరారయ్యేదాకా పేర్లున్న డేటా మీరు చూడకండి. ఎథిక్స్ కమిటీ ముందు కాగితాలు డేటా తీసుకోకముందే పెట్టాలి. మీ అధ్యయనానికి సమీక్ష నుంచి మినహాయింపు వస్తుందో రాదో నిర్ణయించేది కమిటీ, మీరు కాదు. పాత ఫీడ్‌బ్యాక్ ఫారాలు పోగుపడి ఉన్నాయి కదా పేపర్ రాసేద్దాం అనుకునేవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇంకొకటి, రివ్యూ చేయడం నేర్చుకోండి. వేరేవాళ్ల పేపర్‌ను రివ్యూ చేయమని మీ మెంటర్‌కు జర్నల్ నుంచి వచ్చినప్పుడు, ఎడిటర్‌కు చెప్పి మిమ్మల్ని కూడా కలుపుకోమనండి. మీరు విడిగా రాయండి, ఆయన విడిగా రాస్తారు, తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. ఇంత చవకైన శిక్షణ ఇంకోటి లేదు.

టైమ్, ప్రమోషన్, మిగతా తలనొప్పులు

పరిశోధనకు విడిగా సమయం ఇస్తామని మాట ఇస్తారు, ఇవ్వరు. రాతపూర్వకంగా వారానికి ఒక పూట అడగండి, బదులుగా ఏడాదిలో ఏం చూపిస్తారో చెప్పండి. అది రాకపోతే చేస్తున్న బోధననే పరిశోధనగా మార్చుకోవడం ఒక్కటే దారి. కొత్త కోర్సు రూపొందిస్తున్నారా, మొదటి రోజు నుంచే ప్రశ్న, కొలత, ఎథిక్స్ కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి, ఒకే శ్రమకు రెండు ఫలితాలు.

"ఇది కూడా రీసెర్చేనా" అని అడిగే ప్రమోషన్ కమిటీలు ఇంకా ఉన్నాయి. వాళ్ల ముందు అమెరికా విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ పేరు ఎత్తండి. కొత్త జ్ఞానం కనిపెట్టడంతో పాటు దాన్ని కలపడం, ప్రయోగించడం, బోధించడం కూడా పాండిత్యమేనని ఆయన 1990లోనే వాదించారు. అలాంటి పనిని దేనితో తూచాలో గ్లాసిక్ బృందం 1997లో చెప్పింది: స్పష్టమైన లక్ష్యం, తగిన సన్నాహం, సరైన పద్ధతి, చెప్పుకోదగ్గ ఫలితం, సరిగ్గా అందజేయడం, చేసినదాన్ని తిరిగి పరీక్షించుకోవడం. మీ ఫైల్‌ను ఈ ఆరు శీర్షికల కింద సర్దితే కమిటీకి చదవడం సులువవుతుంది. ఫైల్ సర్దాక స్పాన్సర్‌కు ఒకసారి చూపించండి, ఏ వాక్యం దగ్గర కమిటీ కనుబొమ్మలు ముడిపడతాయో ఆయనకే తెలుసు.

పేపర్ వెనక్కి వస్తే ఆ రోజు జవాబు రాయకండి. రెండు రోజులాగి, రివ్యూయర్ల మాటలను మూడు కుప్పలు చేయండి: వెంటనే మార్చగలిగేవి, ఒప్పుకుని పరిమితిగా రాయాల్సినవి, మర్యాదగా కాదనాల్సినవి. మూడో కుప్ప మాత్రం మెంటర్‌తో కలిసి కూర్చుని చూడండి, అందులో సగం చివరికి మొదటి కుప్పలోకే వెళతాయి.

ఎప్పుడు విడిపోవాలి, ఎప్పుడు మీరే మెంటర్ కావాలి

మెంటరింగ్ సంబంధంలో విడిపోవడం కూడా ఒక దశేనని క్రామ్ అన్నారు. మొదలవడం, ఎదగడం, విడిపోవడం, తర్వాత కొత్త రూపంలో కొనసాగడం. మన దగ్గర మూడోదాన్ని కృతఘ్నత అనుకుంటారు, అందుకే ఎవరూ నోరెత్తరు, మీటింగులు ఊరికే వాయిదా పడుతూ పోతాయి. అలా చల్లారనివ్వకండి. మొదట్లోనే "ఏడాది చూద్దాం, తర్వాత ఇద్దరం కూర్చుని కొనసాగించాలో లేదో మాట్లాడుకుందాం" అనుకుంటే ఆ రోజు వచ్చినప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ ఏడాదిలో ఆయన చెప్పినవాటిలో ఏవి పనికొచ్చాయో పేరుపేరునా చెప్పండి, ఇకమీదట నెలనెలా అవసరం లేదని, అవసరమైనప్పుడు రాస్తానని చెప్పండి. చాలామంది పెద్దవాళ్లకు అది ఊరటే.

మొదటి పేపర్ అచ్చయిందంటే మీ కింద ఒకరిని తీసుకోవచ్చు, పదేళ్లు ఆగక్కర్లేదు. నిన్ననే దాటినవాళ్లకు గుంటలు ఎక్కడున్నాయో ఇంకా గుర్తుంటుంది. కానీ మీ టాపిక్ వాళ్ల మీద రుద్దకండి, మీ పాత డేటా ఇచ్చి టేబుల్స్ వేయమని కూర్చోబెట్టకండి. డ్రాఫ్ట్ వస్తే పది రోజుల్లో తిరిగి ఇవ్వలేనంత పనిలో ఉంటే ఒప్పుకోకండి, ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పి, ఆ మనిషికి మీరే ఒక మెయిల్ రాసి పంపించండి.